కనపడదు మాస్టారు

కొంతమందికి వంకాయ పడదు. కొంతమందికి దుమ్ము పడదు. మా జాన్‌బాబు మాస్టారికి ఆశ పడదు. ఎక్కడైనా నలుగురు చేరి కాస్త ఆశగా మాట్లాడుకుంటుంటే ఆయనకి ఒంట్లో నలతగా ఉంటుంది. వెంటనే అక్కడికి వెళ్ళి ఆ నలుగురినీ నిరాశపరిస్తే గాని ఊపిరాడదు.

భవానీపురంలో ఆయన ఇంటి దగ్గర బయల్దేరి బస్టాండు దాకా ఒక్కసారి ఆయన వెంట వెళ్తే చాలు, సంగతి అర్థమవుతుంది. "అవనిగడ్డ బస్సు వెళ్ళిపోయుంటుందండీ" అంటారు. బస్సు ఎదురుగా నిలబడి ఉంటుంది. "ఉన్నా సీటు దొరకదు" అంటారు. కిటికీ పక్కనే దొరుకుతుంది. అందులో సర్దుకుని కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఉయ్యూరు దాటాక టైరు పోతుంది చూడండి" అంటారు. టైరు పోదు. దిగేటప్పుడు మాత్రం తనకేదో అన్యాయం జరిగినట్టు ఆ టైరు వంక ఒకసారి చూసి మరీ దిగుతారు.

ఆయన స్నేహితుడు డేనియల్ గారి అమ్మాయి కృప పెళ్ళిలో, పెద్దవారు కదా అని చర్చిలో మైకు ఇచ్చి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. మాస్టారు కొత్త దంపతుల్ని జాలిగా చూశారు. "పెళ్ళంటే ఏముందమ్మా. ప్రభువు దయ ఉంటే ఏదో గడిచిపోతుంది" అని మైకు తిరిగి ఇచ్చేశారు. డేనియల్ గారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. ఇప్పుడు ఆ కృపని ఎక్కడైనా చూసి, ఎలా ఉన్నావమ్మా అని అడిగితే, "ఏదో గడిచిపోతోందండీ" అని పగలబడి నవ్వుతుంది. ఆ మొగుడూ పెళ్ళాలు గట్టిగా పోట్లాడుకున్నట్టు ఇంతవరకు వినలేదు.

నా పేరు లక్ష్మీకాంత్. గవర్నరుపేటలో కళ్ళజోళ్ళ షాపు. జనానికి కనపడేలా చెయ్యడం నా వృత్తి, ఏమీ కనపడదని చెప్పడం ఆయన ప్రవృత్తి. మా పరిచయం ఆ షాపులోనే జరిగింది. కళ్ళు పూర్తిగా పోయాయని, ఊరికే ఖాయం చేసుకుందామని వచ్చానని చెప్పి కుర్చీలో కూర్చున్నారు. గోడమీది అక్షరాల్లో అన్నిటికన్నా చిన్న వరస చదవమన్నాను.

"చదవలేనండీ."

"ప్రయత్నించండి మాస్టారూ."

"వృథా ప్రయాస. డి, ఇ, ఎఫ్, పి, ఓ, టి, ఇ, సి. చూశారా? ఇక పనికిరావు."

ఒక్క అక్షరం తప్పలేదు. ఆ వరస అంత శుభ్రంగా చదివినవాళ్ళు నా షాపులో అరుదు. అయినా ఆయన నా చేత ఒక చదువుకునే కళ్ళజోడు చేయించుకుని, అది సరిపోదని ముందే తీర్మానించి, ఈనాటికీ దాన్నే పెట్టుకుంటున్నారు.

అంతకుముందు ఆయన కాలేజీలో జువాలజీ చెప్పేవారు. కప్పని కోసే క్లాసులో, "ఈ నరం మీకు దొరకదు. నాకు తెలుసు. టైము వేస్టు చేసుకోకుండా ఇంటికి పొండి" అనేవారట. పిల్లలకి రోషం వచ్చి, ఆ నరం బయటపడేదాకా బల్ల దగ్గర నుంచి కదిలేవారు కాదు. వాళ్ళే ఆయనకి 'కనపడదు మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు కూడా ఆయన కోప్పడలేదు. ఆ పేరు ఎక్కువ రోజులు నిలవదులే అన్నారట.

రిటైరయ్యాక ఆయన కూడదీసినదే మా ప్రకృతి మిత్రుల బృందం. నెలకో ఆదివారం చెట్లూ పిట్టలూ చూడ్డానికి పోతాం. ఒకసారి కొండపల్లి గుట్టలకి, ఒకసారి కృష్ణ లంకల్లోకి. వేరే బృందాల్లో నాయకుడు ముందు నిలబడి ఇవాళ ఫలానా పక్షి చూడబోతున్నాం అని ఊరిస్తాడు. మాకు ప్రార్థనలాగా వేరే వాక్యం ఉంది. అందరూ చేరాక మాస్టారు గొంతు సవరించుకుంటారు. "ఏమీ కనపడదండీ. ఎండ మాత్రం ఉంటుంది. ఇళ్ళకి వెళ్ళి వేడివేడి ఇడ్లీలు తినండి" అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు నిజంగానే వెళ్ళిపోతారు. మిగిలిన మేము ఆయన వెనక నడుస్తాం. సున్నా దగ్గర మొదలవుతాం గనక ఒక లకుముకి పిట్ట ఎగిరినా మాకు లాభమే.

పాతవాళ్ళం ఆయన నిరాశని కొలవడం కూడా నేర్చుకున్నాం. "ఏమీ కనపడదు" అంటే కొంగలూ నీటికాకులూ ఖాయం. "అసలెందుకు వచ్చామో" అంటే కాస్త చెప్పుకోదగ్గదే ఉంటుంది. "నేను రాకుండా ఉండాల్సింది" అని నుదురు కొట్టుకున్న రోజున కొండపల్లిలో గుడ్లగూబ గూడు చూశాం, తల్లీ రెండు పిల్లలూ. ఆ ఆనందం రెండు వారాలు కూడా నిలవలేదు. మా చక్రి దాని ఫొటో, దారి వివరాలతో సహా, ఫోను గ్రూపుల్లో పెట్టాడు. చక్రి మంచివాడు, ఇంట్లోంచి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగి, మెడలో ఫిరంగిలాంటి కెమెరా. పదిమందీ చూసి సంతోషించాలన్నదే వాడి తాపత్రయం. పదిమంది కాదు, వందమంది వచ్చి చూశారు. తర్వాత మేం వెళ్ళేసరికి గూడు ఖాళీగా ఉంది. మాస్టారు వాణ్ణి ఒక్క మాట అనలేదు. "ఎక్కడున్నా బతకవు లెండి" అని మాత్రం అన్నారు. ఆ రోజు మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆయన నిరాశలో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మేం చూస్తుండగానే చిన్నప్పటి పిట్టలు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. మన వైపు అడవి అంటే ఏనుగులూ పులులూ కాదు, కృష్ణ సముద్రంలో కలిసేచోట బురదలో నిలబడిన మడ అడవి. టీవీలో చూపించే వాన అడవుల కన్నా ఏమీ తక్కువది కాదు. తుపాను గాలికి అడ్డం నిలిచేది అదే. దాన్ని అటు నుంచి ఉప్పునీళ్ళూ ఇటు నుంచి చేపల చెరువులూ కొరుక్కు తింటున్నాయి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కూడా మాస్టారి పక్కన కూర్చుని నుదురు కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక శౌరమ్మ గారి సంగతి చెప్పాలి. మంగళగిరిలో ఉంటారు, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. పుట్టింది నాగాయలంక దగ్గర. వాళ్ళ నాన్న పడవ మీద చేపలు పట్టేవాడు. మడల్లో బావురుపిల్లి ఉంటుందనీ, అది నీళ్ళ ఒడ్డున కూర్చుని మనిషి చెయ్యి పెట్టినట్టు పంజా పెట్టి చేపని పట్టుకుంటుందనీ ఆయన పిల్లలకి చెప్పేవాడట. శౌరమ్మ గారు ఆ మాట బడిలో చెబితే పిల్లలంతా నవ్వారు. పిల్లికి నీళ్ళంటే భయం, మీ నాన్న కోతలు కోస్తాడు అన్నారు. నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన కోతలు కొయ్యలేదని ఒక్కసారి తన కళ్ళతో చూడాలని ఆవిడ కోరిక. అందుకే మా బృందంలో చేరారు. ఏళ్ళ తరబడి తిరిగారు గాని బావురుపిల్లి తోక కూడా చూడలేదు.

ఈ మధ్య ఆవిడ రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషనుకి రోజు ఖాయమైంది. బురదలో నడవడం ఇక మర్చిపొమ్మన్నారట డాక్టరు. అద్దాలు మార్పించుకుందామని షాపుకి వచ్చినప్పుడు ఆవిడే నాకీ సంగతి చెప్పారు. నా షాపులో కుర్చీలన్నీ కాస్త పొట్టివి. వాటిలో కూర్చుంటే మళ్ళీ లేవలేనని, కౌంటరు దగ్గరున్న ఎత్తు స్టూలు మీద కూర్చున్నారు. ఆ సమయానికి మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. ఈ నెల మడ అడవికి పోదామండీ, అదే నా ఆఖరి నడక అని శౌరమ్మ గారు అడిగారు.

"పోవచ్చండీ. పోయి ఏం చూస్తాం? బావురుపిల్లులు ఎక్కడ మిగిలాయి?" అన్నారు మాస్టారు.

శౌరమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ తలవంచుకున్నారు. నాకు మాస్టారి మీద ఒళ్ళు మండింది. ఆవిడ వెళ్ళాక ఆయన ఆ స్టూలు పక్కన నిలబడి, అది తన తొడ దగ్గర ఎక్కడిదాకా వస్తుందో చేత్తో చూసుకుంటూ, "ఇది విరుగుతుందండీ" అన్నారు. మనుషుల్ని వదిలేసి స్టూలు మీద పడ్డారేమిటి అనుకున్నాను.

ఆ వారంలోనే మాస్టారి భార్య అమలమ్మ గారు షాపుకి వచ్చి వాపోయారు. ఈయన తెల్లారగానే బస్సెక్కి ఎక్కడికో పోతున్నారట, ప్యాంటు మోకాళ్ళ దాకా బురదతో తిరిగొస్తున్నారట, ఎక్కడికి వెళ్ళారంటే ఎక్కడికీ లేదు అంటున్నారట. "బురద మరకలు నాకు ఉతకడం చేతకాదని కూడా ఆయనే చెబుతున్నారండీ. ఉతికి మొహాన పడేశాను" అన్నారావిడ. నిరాశ ముదిరి ఏ కాలవ గట్టునో కూర్చుంటున్నారేమోనని మేమిద్దరం భయపడ్డాం.

ఆదివారం వ్యాను భవానీపురంలో కదిలింది. మాస్టారు మామూలు ప్రార్థన చెయ్యలేదు. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "దిగిపోదామా?" అన్నారు. బండి ఇంకా వీధి మలుపు తిరగలేదు. పాతవాళ్ళం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఇంత లోతు నిరాశ మేం ఎప్పుడూ ఎరగం. ఏదో పెద్దదే ఉందని చక్రి నా చెవిలో అన్నాడు. నాకు మాత్రం ఆయన ముఖం చూస్తే నిజంగానే భయం వేసింది. పామర్రులో టిఫినుకి ఆగితే, ఇడ్లీ అయిపోయి ఉంటుందని కూడా అనకుండా ఊరికే తిన్నారు.

నాగాయలంక దాటి, చివరి ఊళ్ళో వ్యాను దిగి, చెరువు గట్ల మీదుగా మడ అడవి వైపు నడక మొదలుపెట్టాం. ఒక పక్క చేపల చెరువులు, ఇంకో పక్క మడ చెట్లు. శౌరమ్మ గారు చేతికర్ర పట్టుకుని మెల్లగా నడుస్తున్నారు. మధ్యాహ్నం ఎండ. అల్లంత దూరంలో గట్టు మీద జనం గుంపుగా ఉన్నారు. చేతుల్లో కర్రలున్నాయి, ఒకరిద్దరి దగ్గర వలలున్నాయి. చెరువుకీ పాయకీ మధ్య మిగిలిన ఒక గుబురు వైపే అందరి చూపూ.

ఆ చెరువు వెంకటసుబ్బారావు గారిది. వరి మానేసి చేపలు వేసినవాళ్ళలో మొదటివాడట, పెద్దమనిషే. ఆయనే ఎదురొచ్చి సంగతి చెప్పారు. కొన్నాళ్ళుగా గట్టు మీద సగం తిన్న చేపలు దొరుకుతున్నాయి. పొద్దున బురదలో అడుగు కనపడింది. కాపలావాడు దాన్ని ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. గ్రూపులో ఎవరో చిరుతపులి అన్నారు. పక్క ఊరి గ్రూపుకి వెళ్ళేసరికి అది పిల్లలతో ఉన్న చిరుతపులి అయింది. చుట్టుపక్కల చెరువుల వాళ్ళంతా పనులు మానుకుని వచ్చారు. గుబురు నాలుగు వైపులా చుట్టుముట్టి బయటికి తోలి కొట్టెయ్యాలని నిర్ణయం.

"మీరు జువాలజీ మాస్టారంట కదా. చిరుతేనా, కాదా? మీరే చెప్పండి" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

మాస్టారు నోరు తెరిచేలోగా చక్రి అడుగు చూసేశాడు. చిరుత కాదండీ, ఇది బావురుపిల్లి, చాలా అరుదైన జంతువు, దేశంలోనే ఎక్కడో గాని ఉండదు అని గబగబా చెప్పేశాడు. వాణ్ణి తప్పుపట్టలేం, కాపాడదామనే చెప్పాడు. కాని అరుదన్న మాట వినగానే కర్రలు పట్టుకోనివాళ్ళు కూడా ఫోన్లు తీశారు. చిరుత అయితే కాస్త భయమైనా ఉండేది, పిల్లి అనేసరికి అదీ పోయింది. ఇద్దరు అప్పుడే లుంగీలు ఎగ్గట్టి గుబురు వైపు దిగుతున్నారు. శౌరమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి చూడాలనుకున్నది ఆ గుబురులో ఉంది. బయటికొస్తే చావే.

జాన్‌బాబు మాస్టారు గట్టు మీద కూలబడ్డారు. పెద్దగా నిట్టూర్చారు. గుబురులోకి దిగుతున్నవాళ్ళు కూడా ఆగి, ఈయనకి వడదెబ్బ తగిలిందేమోనని వెనక్కి చూశారు.

"పట్టుకున్నారనుకోండి" అన్నారు మాస్టారు. "తర్వాత?"

"తర్వాతేముందండీ? చేపలు మిగుల్తాయి."

"ఏం మిగుల్తాయండీ. ఏమీ మిగలదు. ముందు టీవీ వాళ్ళొస్తారు. వాళ్ళొచ్చాక అడవిశాఖ వాళ్ళు రాక తప్పదు. ఈ జంతువు అడవిలో దొరికిందా, చెరువులో దొరికిందా అని అడుగుతారు. అడవి ఎక్కడిదాకా, చెరువు ఎక్కడి నుంచీ అని ఎవరు చెప్పాలి? సర్వే వాళ్ళే చెప్పాలి. గొలుసు పట్టుకుని వాళ్ళు దిగుతారు."

గొలుసు మాట వినగానే గుబురులోకి దిగుతున్న ఇద్దరూ తిరిగి గట్టెక్కారు.

ఇక్కడ మా డెల్టా సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర చెరువు గట్లకి కాళ్ళుంటాయి. ఏటా మట్టివేసి బాగుచేసేటప్పుడు అవి అడవి వైపు ఒకటి రెండు అడుగులు వేస్తాయి. ఇది అందరికీ తెలిసిన సంగతి, ఎవరూ ఎవర్నీ అడగని సంగతి. అడిగితే ఎదుటివాడూ అడుగుతాడు.

"మీ గట్టు సరిగ్గానే ఉంటుందిలెండి" అన్నారు మాస్టారు వెంకటసుబ్బారావు గారి వైపు జాలిగా చూస్తూ. ఆ జాలిలో బెదిరింపు ఇసుమంతైనా లేదు. పెళ్ళికూతురు కృపని చూసిన జాలే అది. "కాని మన దేశంలో ఒకసారి కొలవడం మొదలుపెడితే ఆగుతుందా? ఈ చెరువు, పక్క చెరువు, ఆ పక్క చెరువు. మనం పోతాం, కేసులుంటాయి. అడవీ పోతుంది, చెరువులూ పోతాయి. నాకేమీ ఆశ కనపడ్డం లేదండీ."

ఆయన ఆపలేదు. తుపాను గురించి చెప్పారు, ఉప్పునీళ్ళ గురించి చెప్పారు, ఆ మడ గుబురు కూడా లేకపోతే వచ్చే ఉప్పెనలో ఏ చెరువు ముందు కొట్టుకుపోతుందో వేలితో చూపించి మరీ చెప్పారు. వింటున్నవాళ్ళ భుజాలు ఒక్కొక్కళ్ళవే వంగిపోయాయి. కర్రలు నేలకి దిగాయి. పక్క చెరువుల వాళ్ళు తమ గట్ల వంక దొంగచూపులు చూసుకుని, పశువులకి నీళ్ళు పెట్టాలనో ఇంటికి చుట్టాలొస్తారనో సణుక్కుంటూ జారుకున్నారు. జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులు లాఠీలు వాడతారని విన్నాను. నిట్టూర్పులు వాడటం అప్పుడే చూశాను.

వెంకటసుబ్బారావు గారు ఆ అడుగు దగ్గరికి వెళ్ళారు. కాసేపు చూశారు. తర్వాత చెప్పుకాలితో దాన్ని శుభ్రంగా చెరిపేశారు.

"కుక్క అడుగురా ఇది" అన్నారు కాపలావాడితో. "ఆ ఫొటో తీసెయ్యి." ఇంకా మిగిలిన నలుగురి వైపు తిరిగి చేతులు ఊపారు. "ఇక్కడేమీ లేదు. ఏమీ కనపడదు. పొండి, పొండి."

మా బృందమంతా ఉలిక్కిపడింది. ఆ మాట ఇంకో నోట వినడం మాకదే మొదటిసారి.

చేపల మాటేమిటి మాస్టారూ అని ఆయన మెల్లగా అడిగారు. కొన్ని పోతాయండీ అన్నారు మాస్టారు. ఈ అంచు వెంబడి వల కడితే తక్కువ పోతాయి, అయినా మీరు కట్టరు లెండి అన్నారు. ఎందుకు కట్టను, రేపే కట్టిస్తాను, మీరే వచ్చి చూసుకోండి అని వెంకటసుబ్బారావు గారు రోషపడ్డారు. కప్ప నరం వెతికిన పిల్లలు నాకు గుర్తొచ్చారు.

పిల్లి బతికింది. కాని నడక అయిపోయినట్టే. అంత గోల జరిగాక ఏ జంతువు బయటికొస్తుంది? శౌరమ్మ గారు నవ్వడానికి ప్రయత్నించి, అది ప్రాణాలతో ఉంది చాలండీ అన్నారు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న మాట నిజమని తెలుసుకోవడానికి వచ్చిన మనిషి, చెరిపేసిన అడుగు చూసి తిరిగిపోవాలి.

గట్టు చివర యేసుబాబు అని ఆ ఊరి పడవవాడు మా కోసం పడవ పెట్టుకుని ఉన్నాడు. అటు నడిచే దారి బురదగా ఉంది, పడవలో చుట్టు తిరిగి పోదాం, అలా పోయినా ఒరిగేదేమీ లేదనుకోండి అంటూ మాస్టారు మమ్మల్ని ఎక్కించారు. పడవ గుబురు వెనక వైపు సన్నటి పాయలోకి తిరిగింది. నీళ్ళు వెనక్కి తీస్తున్న వేళ. బురద మీద ఎర్ర పీతలు తిరుగుతున్నాయి. మడ చెట్ల కింద ఒకచోట బల్ల ఉంది. రెండు తాటి గుంజలు పాతి, పైన చెక్క కొట్టిన బల్ల. మాస్టారు ముందు దిగి, ఆ గుంజల్ని రెండు చేతులతో ఊపి చూసి, పడిపోతుందండీ ఇది అని, శౌరమ్మ గారిని దాని మీద కూర్చోబెట్టారు. ఆవిడ మోకాళ్ళు వంచే పని లేకుండా కూర్చున్నారు. ఆశ్చర్యంగా నా వైపు చూశారు. నేను ఆ బల్ల వైపు చూశాను. సరిగ్గా నా షాపు స్టూలు ఎత్తు.

మిగిలినవాళ్ళని మాస్టారు దూరంగా ఉన్న మలుపు చూపించి, అటు అసలు వెళ్ళకండి, అక్కడ కూడా ఏమీ ఉండదు అన్నారు. చక్రి కెమెరా సవరించుకుని అటే పరిగెత్తాడు. వాడి వెనక మిగతావాళ్ళు వెళ్ళారు. బల్ల దగ్గర మేం ముగ్గురమే మిగిలాం. పడవలో యేసుబాబు.

నేను పడవ దగ్గరికి వెళ్ళి ఈ బల్ల ఎవరు వేశారని అడిగాను.

"ఇంకెవరండీ, మాస్టారే" అన్నాడు యేసుబాబు గొంతు తగ్గించి. "వారం నుంచీ ఇదే పనండీ. పోటు తీసేటప్పుడు అది ఇక్కడికే వస్తదండీ చేపలకి. రోజూ వచ్చి కూర్చుని చూసుకున్నారు. బల్ల ఎత్తు సరిపోలేదని రెండుసార్లు పీకించారు. అది ఉన్నట్టు ఎవరికీ చెప్పొద్దన్నారండీ. చెబితే ఆవిడ ఆశ పెట్టుకుంటది, ఆ రోజు రాకపోతే నేనేం మొహం పెట్టుకోవాలి యేసుబాబూ అన్నారండీ."

నేను వెనక్కి తిరిగి మాస్టారిని చూశాను. ఆయన నీళ్ళ వైపు వీపు పెట్టి, శౌరమ్మ గారికి ఎదురుగా నిలబడ్డారు. నీటికుక్కలు ఎలా అంతరించిపోయాయో ఆవిడకి చెబుతున్నారు. చేతులు వెనక కట్టుకున్నారు, ఆ వేళ్ళు ఒకదాన్నొకటి నలిపేస్తున్నాయి. ఆశ పడదని ఇన్నాళ్ళూ నవ్వుకున్న మనిషి, అందరి ఆశా తనే మోస్తూ, అటు తిరిగి చూసే ధైర్యం లేక అలా నిలబడి ఉన్నారు. ఆయన్ని అంత దగ్గరగా అప్పుడే చూశాను.

వెలుగు తగ్గుతోంది. పాయలో నీళ్ళు ఇంకా కిందికి దిగాయి. ఏమీ రాలేదు. మాస్టారి గొంతు నెమ్మదించింది. నీటికుక్కలు అయిపోయాయి, రాబందులు అయిపోయాయి, ఇక చెప్పడానికి పోయిన జంతువులు కూడా మిగల్లేదు. యేసుబాబు తల అడ్డంగా ఊపాడు. జనం బెదరగొట్టేశారు, ఇవాళ రాదు అన్నట్టు.

అప్పుడు మడ వేళ్ళ మధ్య ఒక నీడ కదిలింది. బూడిద రంగు ఒళ్ళు, వరసగా నల్ల చుక్కలు, పొట్టి తోక. పిల్లి కన్నా బాగా పెద్దది. ఒడ్డుకొచ్చి, ముందుకాళ్ళు బురదలో పెట్టి, కదలకుండా కూర్చుంది. తర్వాత ఒక పంజా తీసి మెల్లగా నీళ్ళలో పెట్టింది, అచ్చం మనిషి చెయ్యి పెట్టినట్టు. ఒక్కసారి లాగింది. చేప మిలమిల కొట్టుకుంటూ ఒడ్డున పడింది.

ఒళ్ళో ఉన్న శౌరమ్మ గారి కుడిచెయ్యి తనంత తానే లేచి, గాలిలో అదే విధంగా కిందికి దిగి, వెనక్కి వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ చెయ్యి పట్టుకుని అలాగే చేసి చూపించాడేమో. పిల్లి చేపని నోట కరుచుకుని, మా వైపు ఒకసారి చూసి, గుబురులోకి వెళ్ళిపోయింది.

మాస్టారు తిరగలేదు. తిరిగితే అది బెదురుతుందని తెలుసు. ఆయన అంతసేపూ శౌరమ్మ గారి ముఖమే చూస్తూ ఉన్నారు. చూడవలసినదంతా ఆయనకి అక్కడే కనపడింది.

మలుపు దగ్గర నుంచి చక్రి బురద తొక్కుకుంటూ వచ్చాడు. వాడి వెనక మిగతావాళ్ళు. "అక్కడేం లేదు మాస్టారూ. ఇక్కడ ఏమైనా కనపడిందా ఆంటీ?"

శౌరమ్మ గారు వాడి కెమెరా వైపు చూశారు. తర్వాత మాస్టారి వైపు చూశారు.

"ఏమీ కనపడలేదు బాబూ" అన్నారు. ముఖం మాత్రం దీపం పెట్టినట్టుంది.

"నేను ముందే చెప్పానుగా" అన్నారు మాస్టారు. చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు ఆయన సంతోషించడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

బల్ల మీద నుంచి దిగడానికి ఆయన చెయ్యి అందించారు. ఆవిడ దాన్ని పట్టుకుని మెల్లగా దిగి, చేతికర్ర సర్దుకున్నారు.

"ఇక ఆపరేషనంటే మాటలాండీ" అన్నారు మాస్టారు నిట్టూరుస్తూ. "ఆ మోకాళ్ళు ఎక్కడ కుదురుతాయి. మళ్ళీ ఇక్కడిదాకా రాలేరు లెండి."

శౌరమ్మ గారు టక్కున ఆగిపోయారు.

"ఎందుకు రాలేనండీ?" అన్నారు రోషంగా. "మీరు ఈ బల్ల మాత్రం పీకించకండి."